ముందు టేపు, తర్వాతే గ్లూ: ఏబీఎస్ ఆర్మర్ కిట్ మీద నా రివ్యూ

పెట్టె వచ్చిన రాత్రి నేను కత్తెర ముట్టుకోలేదు. ఈ రివ్యూలో చెప్పదలుచుకున్నదంతా అక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి ముందు అదే రాస్తున్నాను. ఇది స్టార్మ్‌ట్రూపర్ ఆర్మర్ కిట్, అంటే స్టార్ వార్స్ సినిమాల్లో తెల్ల సైనికులు వేసుకునే కవచం, తెల్లటి ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసింది. విదేశంలో చిన్న వర్క్‌షాప్ పెట్టుకుని వీటినే చేసే ఒకాయన దగ్గర ఆర్డర్ పెట్టి, నాలుగు నెలలు ఆగి, కస్టమ్స్ డ్యూటీ కట్టి హైదరాబాద్ మియాపూర్‌లో మా ఫ్లాట్‌కి తెప్పించుకున్నాను. కట్టడం పూర్తయ్యి, హైటెక్స్‌లో కామిక్స్, సినిమా అభిమానులు వేషాలు వేసుకొచ్చే కామిక్ కాన్‌కి వేసుకెళ్లి, సాయంత్రం దాకా తిరిగి, ఎక్కడ ఒరుసుకుందో ఎక్కడ ఊడిందో చూసుకున్నాక కూర్చుని రాస్తున్నాను. కొనాలా వద్దా అని ఆలోచించేవాళ్లకంటే, కొనేసి పెట్టె ముందు కూర్చుని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలీక టెన్షన్ పడుతున్నవాళ్లకి ఇది ఎక్కువ పనికొస్తుంది.

కిట్ అనగానే చొక్కాలాగా తొడుక్కుంటే సరిపోయేది వస్తుందనుకోకండి. వచ్చేవి అచ్చు తీసిన ప్లాస్టిక్ పెంకులు. ప్లాస్టిక్ షీటుని వేడి చేసి, మెత్తబడ్డాక అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలి లాగేస్తే అది అచ్చుని కరుచుకుని ఆ ఆకారంలోకి వస్తుంది. దాన్ని వాక్యూమ్ ఫార్మింగ్ అంటారు. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమాకి ఇంగ్లండ్‌లో ఆండ్రూ ఐన్స్‌వర్త్ ఈ హెల్మెట్లని, కవచాల్ని ఇదే పద్ధతిలో తీశాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయన వాటిని సొంతంగా అమ్ముకోవడం మొదలుపెడితే ఆ సినిమా తీసిన లూకాస్‌ఫిల్మ్ కంపెనీ కోర్టుకెళ్లింది, 2011లో యూకే సుప్రీంకోర్టు ఆ హెల్మెట్ శిల్పం కిందకి రాదని, సినిమా తీయడానికి పనికొచ్చే వస్తువు కిందకే వస్తుందని తేల్చింది. నాకు ఆ తీర్పు ఇష్టం, ఎందుకంటే కిట్‌ని చేత్తో పట్టుకుంటే అది నిజంగా పనికొచ్చే వస్తువుగానే కనిపిస్తుంది, లోపలి వైపంతా గరుకు, అంచులు మొరటు, బయట మాత్రం గాజులాంటి నునుపు.

పెట్టెలో ఏమున్నాయంటే ఛాతీ, వీపు, పొట్ట, నడుం వెనక ముక్క, దాని కింద సీటు పలక, భుజాల మీద కూర్చునే రెండు గుండ్రటి బెల్స్, దండ చేతులకి నాలుగు సగాలు, ముంజేతులకి నాలుగు, తొడలకి నాలుగు, మోకాలి కింద షిన్‌లకి నాలుగు, ఎడమ మోకాలి మీదకి ఒక పలక, బెల్టు, దానికి వేలాడే డబ్బాలు, చేతి వెనక పలకలు, హెల్మెట్ ముక్కలు, ఇంకా పొడుగాటి ప్లాస్టిక్ పట్టీలు కొన్ని. ఏది కుడో ఏది ఎడమో రాసి లేదు. సూచనల కాగితం లేదు. మెయిల్ పెడితే పది రోజులకి రెండు లైన్ల జవాబు వచ్చింది. వస్తువు ఇంత బాగా చేసినాయన ఒక పేజీ కాగితం పెట్టకపోవడం నాకు నిజంగా బాధనిపించింది, మొదటిసారి కొనేవాడు ఎక్కువ పాడు చేసుకునేది ఇక్కడే కదా.

ప్లాస్టిక్ మాత్రం బాగుంది. చాలాచోట్ల 2 మి.మీ. మందం ఉంది, తెలుపు ప్లాస్టిక్‌లోనే ఉంది కాబట్టి పెయింట్ అక్కర్లేదు, గీత పడితే 1000, తర్వాత 2000 నంబర్ వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది కారు పాలిష్ పెడితే పోతోంది. లోతుగా వంగిన మూలల్లో షీటు సాగుతుంది కాబట్టి అక్కడ పల్చబడుతుంది. ఇది అందరి కిట్లలోనూ ఉండేదే. నాకొచ్చిన ఎడమ తొడ ముక్కలో మాత్రం కింది మూల మరీ పల్చగా, వెలుతురుకి పెడితే వేలు నీడ కనిపించేంతగా వచ్చింది. పెట్టె తెరిచిన రోజే ప్రతి ముక్కనీ ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పెట్టి చూడండి, ఫోటో తీసి ఆ రోజే పంపండి. కోసేశాక ఎవరూ మార్చి ఇవ్వరు.

ఇక అసలు విషయం, సైజు. ఈ కిట్లు చాలావరకు ఒకే అచ్చు మీద వస్తాయి. మాకిచ్చినాయన లెక్క ప్రకారం 5 అడుగుల 10 అంగుళాల నుంచి 6 అడుగుల మధ్య, సన్నగా ఉండే మనిషికి దాదాపు అలాగే సరిపోతుంది. నేను 5 అడుగుల 6 అంగుళాలు, కాస్త పొట్ట ఉంది. అంటే నిలువునా కొయ్యాలి, అడ్డంగా కొన్నిచోట్ల కలపాలి. సన్నటివాళ్లకి ప్రతి జాయింట్ దగ్గరా కోత, లావుగా ఉన్నవాళ్లకి మధ్యలో అదనపు ప్లాస్టిక్ ముక్క. ఆ అతుకు వేసే ముక్కని అందరూ షిమ్ అంటారు. కోసిన ముక్కలు పారేయకండి, షిమ్‌కి అవే పనికొస్తాయి, పొడి చేసి, ప్లాస్టిక్‌ని కరిగించే ఎసిటోన్ ద్రవంలో నానబెడితే పగుళ్లు పూడ్చే పేస్టు కూడా అదే అవుతుంది. ఎసిటోన్ దగ్గర దీపం, గ్యాస్ స్టవ్ ఉండకూడదు, కిటికీలు బార్లా తెరిచి ఉండాలి.

కొలతలు తీసేటప్పుడు చాలామంది చేసే తప్పు, ఇంట్లో షార్ట్స్ మీద నిలబడి టేపు చుట్టడం. లోపల వేసుకునే నల్ల డ్రెస్సు, బూట్లు ముందే కొనండి. అవి వేసుకుని కొలవండి. బూటు మడమ అర అంగుళం లేపినా షిన్ ముక్క ఎక్కడ కూర్చుంటుందో మారిపోతుంది, డ్రెస్సు గుడ్డ మందంగా ఉంటే తొడ దగ్గర ఒక సెంటీమీటరు తేడా వస్తుంది. ఆ నల్ల డ్రెస్సు పైనా కిందా వేరువేరుగా ఉండేది కొనడం మంచిది, బాత్రూమ్‌కి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ విలువ తెలుస్తుంది. కొలవాల్సినవి ఛాతీ, నడుం, భుజం నుంచి నడుం దాకా పొడుగు, కండ బిగించినప్పుడు దండ చేయి, ముంజేయి లావుగా ఉన్నచోట, మణికట్టు, తొడ పైన ఒకసారి మధ్యలో ఒకసారి, పిక్క, చీలమండ. నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి. కూర్చుంటే తొడ ఎంత వెడల్పవుతుందో చూసి నేను ఆశ్చర్యపోయాను, ఒక అంగుళంపైనే పెరిగింది.

తర్వాత వారం రోజులు మేం చేసింది ఒక్కటే పని, మాస్కింగ్ టేపుతో కట్టుకోవడం. మా బామ్మర్ది సాయం లేకపోతే ఇది అయ్యేది కాదు. రెండు సగాల్ని చేతి మీద పెట్టి, అంచు మీద అంచు ఎక్కించి, టేపు చుట్టి, ఎక్కడ ఎంత ఎక్కిందో పెన్సిల్‌తో గీత. ముంజేతులు, దండ చేతులు, తొడలు, షిన్‌లు, ఛాతీ వీపు, అన్నీ అలాగే. మొత్తం కట్టుకుని హాల్లో నిలబడితే తెల్లటి పెంకుల మీద పసుపుపచ్చ టేపు పట్టీలతో ఉన్నాను.

"బావా, ఒక్కసారి ఆ స్టూలు మీద కూర్చో."

"మోకాలు వెనక గుచ్చుకుంటోందిరా."

"ఎక్కడ, పైనా కిందా? వేలు పెట్టు."

వేలు పెట్టినచోట వాడు గీత గీశాడు. అలా తీసిన గీతలే చివరికి మాకు కొలతలయ్యాయి. టేపు కొలత 37 సెంటీమీటర్లు చెప్పినచోట ఒళ్లు 38 కావాలంది, 42 చెప్పినచోట 41 చాలంది. ఒళ్లు వంగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, చెయ్యెత్తుతుంది. కాగితం మీద అంకె అవేమీ చెయ్యదు. మెట్లెక్కాను, చేతులు పైకెత్తాను, నీళ్లబాటిల్ మూత తీశాను, కింద పడ్డ ఫోను అందుకున్నాను. ఎక్కడ అడ్డం తగిలితే అక్కడ గీత. రెండు వేళ్లు లోపలికి దూరేంత ఖాళీ ప్రతి ముక్కలోనూ ఉంచుకోమని నా సలహా. బయటి నుంచి చూస్తే బిగుతుగానే కనిపిస్తుంది.

మా తాతయ్య ఊళ్లో పద్యనాటకాల్లో దుర్యోధనుడి వేషం వేసేవాడు. డ్రెస్సుల షాపు నుంచి భుజకీర్తులు, కిరీటం, ఛాతీ కవచం ముందు రోజే తెప్పించుకుని, ఇంట్లో కట్టుకుని, గద భుజాన వేసుకుని వసారాలో అటూ ఇటూ నడిచేవాడు, కూర్చుని లేచేవాడు, ఒక పద్యం రాగం ఎత్తి ఛాతీ నిండా ఊపిరి పీల్చేవాడు. ఏదో తాడు బిగుసుకుంటే విప్పించి మళ్లీ కట్టించుకునేవాడు. చిన్నప్పుడు అది రిహార్సల్ అనుకునేవాణ్ని. హాల్లో టేపు చుట్టుకుని నిలబడ్డప్పుడు ఆయనెందుకు ఊపిరి పీల్చి చూసుకునేవాడో అర్థమైంది. ఛాతీ ముక్కని ఊపిరి వదిలినప్పుడు కొలిస్తే పీల్చినప్పుడు పక్కల తాళ్లు లాగేస్తాయి.

కోత ముంజేయితో మొదలుపెట్టండి. చిన్న ముక్క, తప్పు జరిగినా కనపడదు, పైగా చేతిలోనే ఉంటుంది కాబట్టి వేసుకుని చూడటం తేలిక. చాలామంది హెల్మెట్‌తో మొదలుపెడతారు, చూడ్డానికి అదే అందం కాబట్టి. దయచేసి వద్దు. హెల్మెట్‌కి చెవుల ముక్కలు పక్కల వంపుకి సరిగ్గా కూర్చోబెట్టడం మొత్తం కిట్‌లోకెల్లా కష్టమైన పని, ఒక్క మిల్లీమీటరు ఎక్కువ కోస్తే సందు కనిపిస్తుంది. ముంజేతులు, దండ చేతులు, షిన్‌లు, తొడలు అయ్యేసరికి చేతికి ప్లాస్టిక్ అలవాటవుతుంది, అప్పుడు ముట్టుకోండి.

తిన్నటి గీతకి కత్తెర అక్కర్లేదు. స్టీలు స్కేలు పెట్టి కట్టర్ బ్లేడుతో మూడుసార్లు గీయాలి. మొదటిసారి తేలిగ్గా, దారి ఏర్పడేంత. రెండోసారి కాస్త నొక్కి. మూడోసారికి గీత వెంట సన్నటి తెల్లటి పొట్టు లేస్తుంది. అప్పుడు గీతకి అటూ ఇటూ రెండు చేతుల బొటనవేళ్లు పెట్టి వెనక్కి వంచితే టప్‌మని విరుగుతుంది, అంచు తిన్నగా, శుభ్రంగా. ఆ చప్పుడు మొదటిసారి వింటే గుండె ఆగినంత పనవుతుంది, పాడైందేమోనని. పాడవదు. వంకర్లకి చిన్న వంపు కత్తెర వాడాలి, రిమోట్ కార్ల బాడీలు కోసే రకం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లోపలి మూలల్లో రెండు గీతలు కలిసేచోట ముందు చిన్న డ్రిల్లుతో రంధ్రం వేసి అక్కడ ఆపాలి, లేకపోతే మూల నుంచే పగులు మొదలవుతుంది. మా మొదటి పగులు అలాగే వచ్చింది, వీపు ముక్కలో, పేస్టు పెట్టి లోపల పట్టీ అంటించి కాపాడాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. రెండు సగాలు కలిసేచోట అంచుల్ని ఒకదాని మీద ఒకటి ఎక్కించి అంటించకండి. ఎదురెదురుగా ఆనించి, లోపల ఒక పట్టీ, బయట ఒక పట్టీ. బయటి పట్టీ చేతులకి 15 మి.మీ., కాళ్లకి ముందు 20 మి.మీ., వెనక 25 దాకా. ముందు వైపు ఆ పట్టీ వెడల్పు మారకూడదు కాబట్టి ముందు రెండు వైపులా సమానంగా కోసి ముందు జాయింట్ మొదట అంటించేయండి, సైజు సర్దుబాటు అంతా వెనక చేసుకోండి. మీ ఒంటికి తగ్గట్టు ఎక్కువ కోసినా, షిమ్ వేసినా వెనకే. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే నా కుడి తొడ రెండుసార్లు విప్పేవాణ్ని కాదు.

విప్పగలిగానంటే కారణం గ్లూ. ఈ6000 అనే గ్లూ వాడాను, ఆరడానికి ఒక రోజు నుంచి మూడు రోజుల దాకా పడుతుంది, ఆరాక కూడా కాస్త సాగే గుణం ఉంటుంది, ఓపికగా లాగితే ప్లాస్టిక్ పాడవకుండా ఊడి వస్తుంది. మొదటిసారి కట్టేవాళ్లకి అంతకంటే ఏం కావాలి. ఫెవిక్విక్ లాంటివి వద్దు, అతుకు గట్టిపడి, నడిచేటప్పుడు ఒళ్లు వంగితే విరిగిపోతుంది. ప్లాస్టిక్‌ని కరిగించి అతికే రకాలు రెండో కిట్‌కి ఉంచుకోండి. గ్లూ ఆరేదాకా పట్టి ఉంచడానికి క్లాంపులు రాణిగంజ్‌లో తెచ్చాం, చిన్న నియోడైమియం అయస్కాంతాలు ఆన్‌లైన్‌లో తెప్పించాం. లోపల ఒకటి బయట ఒకటి పెడితే పట్టీ కదలదు. 40 అయస్కాంతాలు తెప్పిస్తే చాలవనిపించింది, ఇంకో 40 తెప్పించాం. ఈ గ్లూ వాసన ఘాటు, బాల్కనీలో చెయ్యండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే అయస్కాంతాలు లెక్కపెట్టి దాయండి, మింగితే చాలా ప్రమాదం.

షిన్‌లు. ఏది ఎడమో ఏది కుడో తేల్చుకోవడానికి మాకు ఒక ఆదివారం పట్టింది. రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ కాదు, పిక్క ఒక వైపుకి ఎక్కువ ఉబ్బుతుంది, ముక్కల్లోనూ ఆ ఉబ్బు ఒక పక్కనే ఉంటుంది. అద్దం ముందు నిలబడి రెండూ మార్చి మార్చి పెట్టి చూశాక, సరైన జత పెట్టినప్పుడు వెనక అంచులు వాటంతట అవే దగ్గరికొచ్చాయి. వెంటనే లోపల మార్కర్‌తో రాసేశాం. మోకాలి పలక ఎడమ షిన్‌కే. షిన్ వెనక భాగం అంటించరు, తెరిచి మూసేలా వెల్క్రో పెడతారు, లేకపోతే పాదం దూరదు. మూసినప్పుడు వెనక అంచు అర సెంటీమీటరు పైకి లేచింది. డేకిశాలో నీళ్లు మరగబెట్టి దించి, ఆ అంచు మాత్రమే అర నిమిషం ముంచి, చేతులకి మందపాటి గ్లవుజులతో కావాల్సిన వంపులో పట్టుకుని, చల్లారేదాకా వదల్లేదు. ఏబీఎస్ దాదాపు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి మరిగిన నీళ్లు సరిగ్గా సరిపోతాయి. హీట్ గన్ అయితే ఎక్కడ ఎంత వేడి తగిలిందో తెలిసేలోపే మెరుపు పోతుంది, బుడగలొస్తాయి. ఆవిరి ముఖానికి కొడుతుంటే పట్టుకుని నిలబడ్డ ఆ రెండు నిమిషాలు, ప్లాస్టిక్ మెల్లగా మన మాట వినడం చేతికి తెలుస్తుంది, అందులో ఉన్న ఆనందం నాకు ఈ మొత్తం పనిలో ఇంకెక్కడా దొరకలేదు.

తొడల పొడుగు తగ్గించాలంటే పైనే కొయ్యాలి, కింద కాదు. కుడి తొడ కింది అంచుకి బుల్లెట్ డబ్బాల పట్టీ ఒకటి వస్తుంది, కింద కోస్తే దానికి చోటుండదు. పైన కోసింది గజ్జల దగ్గర సీటు పలక కింద దాక్కుంటుంది. కోశాక ఆ అంచుని బాగా నునుపు చెయ్యండి, రోజంతా తిరిగితే ఒరుసుకునేది అక్కడే. పొట్టిగా ఉన్నవాళ్లకి పొట్ట ముక్క కూడా అంతే, పైన కొయ్యాలి, ఆ కోత ఛాతీ ముక్క కింద కనపడదు. వెనక నడుం ముక్కని కూడా అంతే లెక్కలో తగ్గించాలి, లేకపోతే పక్క నుంచి చూస్తే మెట్టులా కనిపిస్తుంది. నేను 3 సెంటీమీటర్లు తీశాను, కానీ ఒకేసారి కాదు, సెంటీమీటరు చొప్పున మూడుసార్లు, ప్రతిసారీ టేపుతో కట్టి చూసుకుని. పక్కల్లో షిమ్ వేశాను, ఒక్కో పక్క 2 సెంటీమీటర్లు.

అన్నీ వేలాడదీసేది భుజాల నుంచి. ఛాతీ వీపులు భుజాల మీద పట్టీలతో కలుస్తాయి, పొట్ట వాటికి వేలాడుతుంది, భుజాల బెల్స్ ఎలాస్టిక్‌తో వేలాడతాయి, దండ చేతి ముక్క బెల్స్‌కి. తొడలు మాత్రం లోపల నడుంకి కట్టుకున్న బెల్టుకి. దీనికి కావాల్సినవన్నీ మా కాలనీ మ్యాచింగ్ సెంటర్‌లోనే దొరికాయి, నైలాన్ నవారు, రెండంగుళాల ఎలాస్టిక్, పెద్ద టిచ్ బటన్లు. షాపావిడ "దేనికండీ ఇంత ఎలాస్టిక్" అని అడిగి, ఫోటో చూపిస్తే, "అయితే బరువు లాగుతుంది, ఇది కాదు" అని లోపల్నుంచి గట్టి రకం తీసిచ్చారు. ఆవిడ మాట నిజం, పల్చటి ఎలాస్టిక్ పెట్టిన ఒక్కచోట మధ్యాహ్నానికే సాగిపోయి ఎడమ భుజం బెల్ కిందకి జారింది. టిచ్ బటన్‌ని నేరుగా ప్లాస్టిక్‌కి కొట్టకండి, నవారు ముక్కకి కొట్టి ఆ నవారుని లోపల అంటించండి. నవారు కొసల్ని కొవ్వొత్తికి చూపించి కరిగిస్తే పోగులు రావు.

హెల్మెట్‌లో రెండు చిన్న కంప్యూటర్ ఫ్యాన్లు పెట్టాను, పవర్ బ్యాంకుకి కలిపి. అయినా కళ్లద్దాలు వేసుకునేవాళ్లకి ఆవిరి పడుతుంది. కింద పాదాల దగ్గరేముందో అసలు కనపడదు, కాబట్టి పక్కన ఒక మనిషి తప్పనిసరి. హైటెక్స్‌లో నా పక్కన బామ్మర్దే నడిచాడు, మెట్టు వచ్చినప్పుడల్లా మోచెయ్యి పట్టుకుని "బావా, రెండు మెట్లు" అని చెప్తూ. చిన్నపిల్లలు కాళ్ల దగ్గరికొచ్చి నిలబడితే నాకు తెలియదు కదా. ఒక పాప వచ్చి తొడ మీద టకటకా తట్టి "ఇది నిజం ప్లాస్టిక్కా అంకుల్" అని అడిగింది. మూడు నెలల పని ఆ తట్టిన చప్పుడులో వినిపించింది.

రెండు గంటలకోసారి విప్పి, నీళ్లు తాగి, ఇరవై నిమిషాలు కూర్చున్నాను. పూర్తిగా కట్టుకుని కుర్చీలో కూర్చోవడం కుదరదు, ఎత్తు స్టూలు అంచున ఆనుకోవచ్చు అంతే. కారులో వేసుకుని వెళ్లడం కూడా కుదరదు, మూతున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పాత దుప్పట్లు చుట్టి తీసుకెళ్లి అక్కడ కట్టుకోవాలి. కట్టుకోవడానికి మాకు 35 నిమిషాలు పట్టింది, ఇంట్లో నాలుగుసార్లు చేసి చూసుకున్నాక కూడా. తిరిగొచ్చాక డబ్బాని బాల్కనీలో ఎండకి వదలకండి, ఎండ తగిలితే ఏబీఎస్ పచ్చబడుతుంది.

ఎవరు కొనచ్చు? ఒకసారి వేసుకుని పక్కన పెట్టేద్దామనుకుంటే ఇది వద్దు, ఆ డబ్బుకి ఈవీఏ ఫోమ్‌తో, అంటే మెత్తటి స్పాంజిలాంటి షీట్లతో, ఇంట్లోనే మూడు కవచాలు చేసుకోవచ్చు, ఫోమ్ తేలిక, ఒంటికి మెత్తగా ఉంటుంది, పిల్లలకైతే అదే మంచిది. ఆ పాత్ర మీద ప్రేమ ఉండి, ఏళ్ల తరబడి వేసుకోవాలనుంటే కొనండి. 501వ లీజియన్ అని ఈ వేషాలు వేసేవాళ్ల అంతర్జాతీయ సంస్థ ఒకటుంది, 1997లో అమెరికాలో ఆల్బిన్ జాన్సన్ మొదలుపెట్టాడు. అందులో చేరాలంటే ప్రతి ముక్క ఎలా ఉండాలో వాళ్లు రాసిపెట్టిన ప్రమాణాలున్నాయి. చేరాలనుకోకపోయినా కోసే ముందు అవి ఒకసారి చదవండి, పట్టీల వెడల్పుల నుంచి బటన్ల దాకా ఫోటోలతో ఉంటాయి, మా కిట్‌తో రాని సూచనల కాగితం లోటు కొంత అక్కడే తీరింది.

నా మార్కులు, ప్లాస్టిక్‌కి, అచ్చు నాణ్యతకి ఐదుకి నాలుగున్నర. ప్యాకింగ్‌కి నాలుగు, ఒక్క ముక్కా పగల్లేదు. సూచనలకి, జవాబులకి ఒకటిన్నర, అదీ చివరికి తప్పు ఒప్పుకుని కొత్త తొడ ముక్క పంపుతామన్నందుకు. అది ఇంకా రాలేదు. మొత్తం మీద నాలుగు.

మా బామ్మర్ది తనకీ ఒకటి కావాలంటున్నాడు. వాడు 5 అడుగుల 11 అంగుళాలు, ఛాతీ 44, తొడ 25. నిలువు కోత పెద్దగా ఉండదు, షిమ్‌లే ఎక్కువ పడతాయి. నిన్న రాత్రి ఆర్డర్ మెయిల్ రాయబోతుంటే ఆపి, ముందెళ్లి బూట్లు కొనుక్కురమ్మన్నాను.